లండన్ – సిడ్నీ దారిలో మా ఇల్లు

లండన్ హీత్రో ఎయిర్‌పోర్టు నుంచి సిడ్నీ ఎయిర్‌పోర్టుకి దగ్గరి దారిలో లెక్క కడితే సుమారు 17,020 కిలోమీటర్లు. ఈ అంకె నాకు మా ఇంటి పిన్‌కోడ్ లాగా నోటికొచ్చు. ఆ చివర మా అమ్మాయి, ఈ చివర మా అబ్బాయి ఉన్నారు మరి. మధ్యలో హైదరాబాద్‌లో మావారూ నేనూ.

మధ్యలో అని ఊరికే మాటవరసకి అనడం లేదు. లండన్ నుంచి హైదరాబాద్ దాదాపు 7,750 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సిడ్నీ దాదాపు 9,570. రెండూ కూడి చూడండి, 17,320 వస్తుంది. అంటే మా అమ్మాయి తమ్ముడింటికి వెళ్తూ మా ఇంట్లో దిగి, అన్నం తిని వెళ్లినా, విమానం అదనంగా తిరిగేది మూడు వందల కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినంత! మొదటిసారి ఈ కూడిక వేసినప్పుడు నేనే నమ్మలేదు. మావారి చేత కూడా వేయించాను.

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఒక బత్తాయి తీసుకోండి. తొడిమ దగ్గర నుంచి సరిగ్గా కింది మచ్చ దాకా దారం పెట్టండి. కుడి పక్క నుంచి తెచ్చినా, ఎడమ పక్క నుంచి తెచ్చినా దారం పొడవు ఒకటే. భూమ్మీద సరిగ్గా ఎదురెదురుగా ఉన్న రెండు చోట్ల మధ్య సుమారు 20,000 కిలోమీటర్లు ఉంటుంది, ఎటు నుంచి వెళ్లినా అంతే. లండన్, సిడ్నీ సరిగ్గా ఎదురెదురుగా లేవు కానీ దానికి దగ్గర్లోనే ఉన్నాయి. కాబట్టి దారి కొంచెం అటూ ఇటూ జరిగినా పెద్ద తేడా రాదు. నిజానికి అసలు దగ్గరి దారి మన మీదుగా రాదు. రష్యా, చైనా, ఫిలిప్పీన్స్ మీదుగా పోతుంది. సింగపూర్‌లో ఆగి వెళ్తే అదనం నూట యాభై కిలోమీటర్లే.

ఇక్కడి నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఈ రెండు ఊళ్ల మధ్య జనం మొదట్లో ఎలా వెళ్లేవాళ్లు, ఎన్ని రోజులు పట్టేది, మధ్యలో ఎక్కడ ఆగేవాళ్లు అని వెతికి చదవడం మొదలుపెట్టాను. వంద సంవత్సరాల కథ అది. చదివే కొద్దీ నాకు కనిపించింది ఏమిటంటే, దూరం అంగుళం కూడా తగ్గలేదు. తగ్గిందల్లా మధ్యలో ఆగే ఊళ్లు. ఒక్కో ఊరూ రాలిపోయిన కొద్దీ ప్రయాణం పొట్టిదైంది.

మొదటి ప్రయాణం 1919లో. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ముప్ఫై రోజుల్లోపు విమానంలో వచ్చే ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్ల బహుమతి అని ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, ఇద్దరు మెకానిక్‌లతో కలిసి వికర్స్ విమీ అనే విమానంలో నవంబరు 12న లండన్ దగ్గర హౌన్‌స్లోలో బయల్దేరారు. తలా ఒళ్లూ గాలికి వదిలేసి కూర్చునే విమానం అది, పైన కప్పు ఉండదు. డిసెంబరు 10న ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్‌లో దిగారు. 27 రోజుల 20 గంటలు. అందులో నిజంగా గాలిలో ఉన్నది 136 గంటలే. మిగతా కాలమంతా నేల మీదే, ఇంధనం పోయించుకోడానికీ, రిపేర్లు చేసుకోడానికీ, నిద్రపోడానికీ.

వాళ్లు మన దేశం మీదుగానే వెళ్లారు. కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా, అక్కడి నుంచి బర్మా. అయితే నాకు బాగా నచ్చింది జావా దీవిలో సురబాయా దగ్గర జరిగినది. దిగిన చోట విమానం చక్రాలు బురదలో కూరుకుపోయాయి. ఎంత లాగినా లాభం లేదు. చివరికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తమ ఇళ్లలోని వెదురు చాపలు తెచ్చి వరసగా పరిచారు. ఆ చాపల మీద పరుగెత్తి విమానం లేచింది. చరిత్ర పుస్తకాల్లో స్మిత్ సోదరుల పేర్లున్నాయి, ప్రభుత్వం ఇద్దరికీ సర్ బిరుదులిచ్చింది. ఎవరి వంటింటి చాప ఏ చక్రం కింద నలిగిందో మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఆ సాయంత్రం కటిక నేల మీద కూర్చుని ఏమనుకున్నారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇక ఏమీ జాన్సన్ గురించి. ఈమె గురించి చదివాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

ఇంగ్లండ్‌లో హల్ అనే రేవు పట్టణం ఈమెది. నాన్నగారు చేపల వ్యాపారి. అమ్మాయి డిగ్రీ చదువుకుని, లండన్‌లో ఒక లాయర్ ఆఫీసులో సెక్రటరీగా చేరింది. సాయంత్రాలూ సెలవుదినాలూ విమానాలు నేర్పే క్లబ్బులో గడిపేది. నడపడం నేర్చుకుని ఊరుకోలేదు, చేతులకు గ్రీజు పూసుకుని ఇంజన్ విప్పడం, బిగించడం కూడా నేర్చుకుంది. బ్రిటన్‌లో గ్రౌండ్ ఇంజనీర్ లైసెన్సు తెచ్చుకున్న మొదటి మహిళ ఈమే. తర్వాత ఒంటరిగా ఆస్ట్రేలియా వెళ్తానంది. అప్పటికి ఆమె చేసిన అతి పెద్ద విమాన ప్రయాణం ఎంతో తెలుసా? లండన్ నుంచి పుట్టింటికి, హల్‌కి! అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే కొంచెం తక్కువే.

సగం డబ్బు నాన్న పెట్టారు. మిగతా సగం ఆయిల్ వ్యాపారం చేసే లార్డ్ వేక్‌ఫీల్డ్ ఇచ్చాడు. పాత జిప్సీ మాత్ విమానం ఒకటి కొన్నారు. దానికి జేసన్ అని పేరు పెట్టింది. పురాణ గాథల్లోని వీరుడి పేరని అందరూ అనుకుంటారు, అసలు సంగతి అది వాళ్ల నాన్నగారి చేపల వ్యాపారం ట్రేడ్‌మార్కు. నాన్న ఇచ్చిన డబ్బుకి కూతురు చేసిన మర్యాద అన్నమాట. 1930 మే 5న లండన్ దగ్గర క్రోయ్‌డన్ నుంచి బయల్దేరింది. వయసు ఇరవై ఆరు.

ఆ తేదీ చూడగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఉప్పు సత్యాగ్రహంలో గాంధీగారిని అరెస్టు చేసింది సరిగ్గా ఆ రోజే, 1930 మే 5 అర్ధరాత్రి దాటాక. ఆమె మన దేశంలో కరాచీకి చేరేటప్పటికి దేశమంతా అట్టుడుకుతోంది. కరాచీ దాకా ఆరు రోజుల్లో వచ్చేసింది. అంతకుముందు బెర్ట్ హింక్లర్ అనే ఆయన ఇదే దారిలో ఒంటరిగా పదిహేనున్నర రోజుల్లో వెళ్లాడు, కరాచీ దగ్గర ఆయన కంటే రెండు రోజులు ముందుంది. తర్వాత అలహాబాద్ వెళ్లబోతే ఇంధనం చాలలేదు. ఝాన్సీలో సైనికుల పెరేడ్ మైదానంలో దింపేసింది. రెక్క దెబ్బతింది. బాగుచేయించుకుని మళ్లీ లేచింది. ఝాన్సీలోనే దిగాలా చెప్పండి!

బర్మాలో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. రంగూన్ దగ్గర ఇన్సేన్‌లో ఒక సాంకేతిక విద్యాలయం మైదానంలో దిగి గుంటలో పడింది. రెక్కల మీద కప్పే గుడ్డ చిరిగిపోయింది. ఆ గుడ్డ అక్కడ దొరకదు. అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, యుద్ధం తర్వాత మిగిలిపోయిన విమానాల గుడ్డతో అక్కడి వాళ్లు చొక్కాలు కుట్టించుకున్నారని. ఆ చొక్కాలు తెప్పించి, విప్పి, రెక్కకు అతికించారు. తర్వాత జావాలో చెరకు ఫ్యాక్టరీ దగ్గర దిగినప్పుడు వెదురు గుంజలు గుచ్చుకుని రెక్కలకు చిల్లులు పడితే, గాయాలకు వేసే ప్లాస్టర్ పట్టీలు అంటించుకుంది. విమానానికి బ్యాండేజీ అనుకోండి. పాత చొక్కాలతో బొంతలు కుట్టిన చేతులు మనవి, ఈ రెండు పనులూ చదువుతుంటే ఆమె పరాయిదానిలా అనిపించదు.

ఈ దెబ్బలతో హింక్లర్ రికార్డు అందలేదు. మే 24న, పంతొమ్మిదిన్నర రోజులకు, డార్విన్‌లో దిగింది. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ. అంతకు మూడు రోజుల ముందు, మే 21న, మన హైదరాబాద్ ఇంటి ఇల్లాలు సరోజినీ నాయుడు ధరాసనలో ఉప్పు కొఠార్ల ముందు సత్యాగ్రహులను నడిపించి అరెస్టయింది. ఆ మే నెలలో మన దేశం మీదుగా ఎగురుతూ ఒకావిడ, దేశం నేల మీద నడుస్తూ ఒకావిడ. ఒకరి సంగతి ఒకరికి పట్టి ఉంటుందా అంటే ఏమో! నాకైతే ఇద్దరినీ ఒకే పేజీలో పెట్టుకోవాలనిపించింది.

నాలుగేళ్ల తర్వాత, 1934 మేలో, న్యూజిలాండ్ అమ్మాయి జీన్ బాటెన్ అదే దారిని 14 రోజుల 22 గంటల 30 నిమిషాల్లో ముగించి ఏమీ కంటే నాలుగు రోజులు పైగా తగ్గించింది. మరుసటి ఏడాది తిరుగు ప్రయాణం కూడా ఒంటరిగా చేసింది. ఏమీ రెండో ప్రపంచ యుద్ధంలో మన లాంటి ఆడవాళ్లెందరో చేరిన విమాన రవాణా దళంలో పనిచేస్తూ, 1941 జనవరి 5న థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడి చనిపోయింది. ముప్ఫై ఏడేళ్లు.

ఈ సాహసాల సంగతి అలా ఉంచితే, టికెట్ కొనుక్కుని మామూలు మనుషులు వెళ్లడం 1935లో మొదలైంది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ కలిసి నడిపాయి. బ్రిస్బేన్ నుంచి లండన్‌కు పన్నెండున్నర రోజులు, టికెట్ 195 పౌండ్లు. అందులో ఒక ముక్క రైలు! ఇటలీ వాళ్లు తమ మీదుగా ఎగరనివ్వలేదు కాబట్టి పారిస్ నుంచి ఇటలీ చివర బ్రిండిసి దాకా ప్రయాణికులను రైల్లో తీసుకెళ్లి, మళ్లీ విమానం ఎక్కించేవాళ్లు. 1938 నుంచి నీళ్ల మీద దిగే విమానాలు వచ్చాయి. సౌతాంప్టన్ రేవులో ఎక్కితే తొమ్మిది పది రోజులకు సిడ్నీలో రోజ్ బే నీళ్లలో దిగేవి. ఆ మధ్యలో రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువు, కలకత్తా దగ్గర హుగ్లీ నది కూడా ఎయిర్‌పోర్టులే. రాత్రిపూట ఎగిరేవాళ్లు కాదు. సాయంత్రానికి దిగడం, హోటల్లో భోంచేసి పడుకోవడం, పొద్దున్నే మళ్లీ ఎక్కడం. మన తాతలు ఎడ్ల బండిలో తీర్థయాత్రకు వెళ్లిన పద్ధతే, కాకపోతే దొరల వైభవంతో.

మరి డబ్బు లేని వాళ్లు? ఓడలే గతి. నన్ను ఎక్కువగా కదిలించిన భాగం ఇది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియాకు జనం కావలసి వచ్చింది. 1945లో ఒక పథకం పెట్టారు. బ్రిటన్ నుంచి పెద్దవాళ్లు పది పౌండ్లు కడితే చాలు, పిల్లలకు ఉచితం. వెళ్లాక కనీసం రెండేళ్లు ఉండాలి, ముందే తిరిగొస్తే మొత్తం ఖర్చు కట్టాలి. పది పౌండ్ల వాళ్లు అనే పేరు పడిపోయింది వాళ్లకి. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ అలా వెళ్తూనే ఉన్నారు, పది లక్షల మందికి పైగా. తర్వాత ఆస్ట్రేలియా మొదటి మహిళా ప్రధాని అయిన జూలియా గిలార్డ్ కుటుంబం 1966లో వేల్స్ నుంచి వలస వచ్చిందే.

ఓడలో నెలకు పైగా ప్రయాణం. ఓడ రేవు వదిలేటప్పుడు రంగు కాగితపు రిబ్బన్లు విసిరేవాళ్లు. ఒక కొస ఓడ మీద ఉన్నవాళ్ల చేతిలో, ఇంకో కొస గట్టు మీద ఉన్నవాళ్ల చేతిలో. ఓడ కదిలిన కొద్దీ రిబ్బను సాగి సాగి, తెగిపోయేది. తెగేదాకా ఎవరూ వదిలేవాళ్లు కాదు. పాత ఫొటోల్లో ఓడ పక్కంతా ఈ కాగితాలు జడలు కట్టినట్టు వేలాడుతుంటాయి. ఆ గట్టు మీద నిలబడ్డ అమ్మలకు మళ్లీ పిల్లల్ని చూస్తామన్న నమ్మకం ఎంతమందికి ఉండేదో! ఉత్తరాలే ఆధారం. వెళ్లినవాళ్లలో దాదాపు నాలుగో వంతు తిరిగి వచ్చేశారట. ఇంటి మీద బెంగ అందులో పెద్ద కారణం. తమాషా ఏమిటంటే, వాళ్లలో చాలామంది ఇంటికొచ్చాక ఆస్ట్రేలియా మీద బెంగపెట్టుకుని మళ్లీ వెళ్లిపోయారు! వాళ్లకి బూమరాంగులని పేరు పెట్టారు. మా అబ్బాయి ఇక్కడికి వచ్చిన నాలుగో రోజుకే అక్కడి కాఫీ గురించి మాట్లాడటం మొదలుపెడితే నాకు ఈ బూమరాంగులే గుర్తొస్తారు.

వరసలో కొంచెం ముందుకొచ్చేశాను, యుద్ధకాలంలో జరిగిన వింత ఒకటి చెప్పాలి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. ఇంగ్లండ్ – ఆస్ట్రేలియా దారి మధ్యలో తెగిపోయింది. బర్మా, మలయా, జావా అన్నీ శత్రువు చేతిలో. ఏం చేశారంటే, 1943 జులై నుంచి ఆస్ట్రేలియా పడమటి కొసన ఉన్న పెర్త్ నుంచి సింహళంలో గాలె దగ్గరి కొగ్గల చెరువుకి, హిందూ మహాసముద్రం మీదుగా ఒక్క ఎగురుడులో వెళ్లడం మొదలుపెట్టారు. ఐదు వేల ఆరు వందల కిలోమీటర్లకు పైనే. వాడినవి కాటలీనా అనే నీటి విమానాలు, ఐదింటికీ నక్షత్రాల పేర్లు. నిండా ఇంధనం పోస్తే ఇక మిగిలే చోటు ముగ్గురు ప్రయాణికులకీ, 69 కిలోల ఉత్తరాలకీ. ఇవాళ ఇద్దరు మనుషులు తెచ్చుకునే సూట్‌కేసుల బరువు అంతకంటే ఎక్కువ!

శత్రువుకి వినబడకుండా రేడియో ఆపేసేవాళ్లు. రాత్రంతా నక్షత్రాలను చూసి దారి పట్టుకోవడమే. ప్రయాణం 27 గంటల నుంచి 33 గంటల దాకా పట్టేది, ఒకసారి 32 గంటల 9 నిమిషాలు గాలిలోనే ఉన్నారు. అంతసేపు ఎగిరితే ఏమవుతుంది? దారిలో రెండుసార్లు సూర్యుడు ఉదయిస్తాడు. అందుకే ఆ విమానాలకు డబుల్ సన్‌రైజ్ అని పేరొచ్చింది. దాటిన ప్రతి ప్రయాణికుడికీ రెండు సూర్యోదయాల రహస్య సంఘంలో సభ్యత్వం ఇచ్చినట్టు ఒక సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. 1945 జులై దాకా 271 సార్లు దాటారు. గంటల లెక్కన చూస్తే ఈనాటి ఏ ప్రయాణికుల విమానమూ ఒక్క ఎగురుడులో అంతసేపు గాలిలో ఉండదు. యుద్ధం ముగిశాక ఆ విమానాలను ఎవరూ దాచుకోలేదు. అద్దె ఒప్పందం నిబంధనల ప్రకారం సముద్రంలో ముంచేశారు. ప్రాణాలు పణంగా పెట్టి దాటించిన వాటిని అలా ముంచేయడానికి మనసెలా ఒప్పిందో!

1947 డిసెంబరు 1న సిడ్నీ నుంచి లండన్‌కి క్వాంటాస్ కాన్‌స్టెలేషన్ విమానం బయల్దేరింది. ప్రయాణికులు 29 మంది, సిబ్బంది 11 మంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, ఇన్ని చోట్ల దిగుతూ నాలుగు రోజుల్లో లండన్. కంగారూ గెంతినట్టు గెంతుతూ వెళ్తుంది కాబట్టి కంగారూ దారి అన్నారు. రానూపోనూ టికెట్ 585 పౌండ్లు. పది పౌండ్ల ఓడ వాళ్లు దాని వంక చూసే ప్రశ్నే లేదు. ఇంకోటి గమనించారా? కలకత్తా నుంచి కరాచీ వెళ్లడం ఏమీ జాన్సన్ రోజుల్లో ఒకే దేశంలో ప్రయాణం. 1947 డిసెంబరు నాటికి అది నాలుగు నెలల వయసున్న సరిహద్దు దాటడం. దూరం మాత్రం మారలేదు.

1959లో జెట్ విమానాలు వచ్చి నాలుగు రోజులను ఒకటిన్నర రోజుకు తెచ్చాయి. 1970లలో జంబో జెట్‌లు వచ్చాక టికెట్ ధరలు దిగి, ఓడలు ఖాళీ అయ్యాయి. ఇంధనం ఎక్కువ పట్టడంతో ఆగే ఊళ్లు ఒక్కొక్కటీ పోయాయి. డార్విన్ పోయింది, కలకత్తా పోయింది, కరాచీ పోయింది. చివరికి మధ్యలో ఒక్కటే ఆగడం మిగిలింది, సింగపూరో, బ్యాంకాకో, తర్వాత దుబాయో.

ఆ ఒక్కటీ తీసేయాలని 1989 ఆగస్టులో ఒకసారి ప్రయత్నించారు. క్వాంటాస్ కొత్తగా కొన్న బోయింగ్ 747-400 విమానాన్ని లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆపకుండా నడిపారు. 20 గంటల 9 నిమిషాలు. కానీ దానికోసం ఎన్ని తంటాలు పడ్డారో! ప్రయాణికుల్ని ఎక్కించలేదు, కొద్దిమంది మనుషులే. ప్రత్యేకంగా చిక్కటి ఇంధనం తయారుచేయించారు. ఇంజన్ వేస్తే ఆ కాస్త ఇంధనం ఖర్చవుతుందని రన్‌వే దాకా బండితో ఈడ్చుకెళ్లారు. గ్యాస్ సిలిండర్ అయిపోవచ్చినప్పుడు మనం అన్నీ ఒకే మంట మీద కానిచ్చేస్తామే, అలాగ. ఆ విమానం ఇప్పుడు సిడ్నీకి దక్షిణాన ఆల్బియన్ పార్క్‌లో ఒక మ్యూజియంలో ఉంది.

2018 మార్చి 24న పెర్త్ నుంచి లండన్‌కి ఎక్కడా ఆగని విమానం రోజువారీగా మొదలైంది. 14,498 కిలోమీటర్లు, పదిహేడు గంటల పైచిలుకు. ఆస్ట్రేలియా, ఐరోపాల మధ్య టికెట్ కొనుక్కుని ఆగకుండా వెళ్లడం అదే మొదలు. 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి 52 మందితో మరోసారి పరీక్ష చేశారు, 19 గంటల 19 నిమిషాలు. పైలట్ల మెదడు ఎలా పనిచేస్తోందో, ప్రయాణికులకు నిద్ర ఎలా పడుతోందో కొలిచారు. ఆ విమానంలో వాళ్లకి కూడా దారిలో రెండుసార్లు సూర్యోదయం కనిపించింది. ఈ పథకానికి ప్రాజెక్ట్ సన్‌రైజ్ అని పేరు పెట్టింది కూడా యుద్ధకాలం నాటి కాటలీనాల జ్ఞాపకంగానే. 2022లో దీనికోసమే పన్నెండు ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు. అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు, 238 సీట్లే, మధ్యలో లేచి కాళ్లూ చేతులూ ఆడించుకోడానికి కాస్త ఖాళీ చోటు.

ఒక చిన్న సందేహం రావచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దూరం ఒకటే కదా, సమయం ఎందుకు తేడా? పైన ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి గట్టి గాలులు వీస్తుంటాయి. లండన్ నుంచి సిడ్నీకి వచ్చేటప్పుడు అవి వెనక నుంచి తోస్తాయి. తిరిగి వెళ్లేటప్పుడు ఎదురు. పైగా దారి మనం గీసినట్టు ఉండదు. 2022 నుంచి బ్రిటన్ విమానాలను రష్యా తన మీదుగా ఎగరనివ్వడం లేదు. ఎక్కడో గొడవ మొదలైతే విమానం చుట్టు తిరగాలి, టికెట్ మీద రాసిన గంటలు మారిపోతాయి.

ఇంత చదివాక నాకు మా ఇంట్లో జరిగింది ఒకటి అర్థమైంది. మా మావయ్యగారు పోయినప్పుడు తెల్లవారుజామున ఇద్దరు పిల్లలకూ ఒకేసారి ఫోన్ చేశాం. లండన్ నుంచి హైదరాబాద్‌కి ఆగని విమానం ఉంది కాబట్టి అమ్మాయి మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉంది. సిడ్నీ నుంచి అబ్బాయి కూడా వెంటనే బయల్దేరాడు. లెక్కకి చూస్తే వాడికి అక్క కంటే 1,800 కిలోమీటర్లే ఎక్కువ, విమానంలో రెండు గంటలు. కానీ సిడ్నీ నుంచి మనకి తిన్నగా విమానం లేదు. దొరికిన టికెట్‌కి మధ్యలో ఒకచోట పదకొండు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఫ్రీజర్ బాక్స్ తెప్పించి మావారు, "వాడు వచ్చేదాకా ఉంచుదాం" అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఆయన ఒకళ్లని కాచుకోబెట్టేవారు కాదు. తీసుకెళ్లండి" అన్నారు. వాడు టాక్సీ దిగేసరికి మేం శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేస్తున్నాం. వాడు ఏమీ అనలేదు. తాతయ్య మంచం మీద కూర్చున్నాడు. నాన్నమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. ఇప్పటికీ వాడికి ఆ పదకొండు గంటలు గొంతులో అడ్డుపడే ఉన్నాయి, నాకు తెలుసు.

అందుకని ఆగే ఊళ్లు పోతుంటే నేను బాధపడతానని అనుకోకండి. ఆగకుండా రావలసిన రోజు ఎవరికైనా వస్తుంది. అయినా ఒక మాట మాత్రం నిజం. లండన్ – సిడ్నీ విమానం ఆగకుండా వెళ్లే రోజు వస్తే మా అమ్మాయి తమ్ముడిని చూడాలంటే మా ఇంటి మీదుగా రానక్కర్లేదు. ఇప్పుడు ఎలాగూ ఎక్కడో ఒకచోట దిగాలి కాబట్టి, "ఆ దిగేదేదో హైదరాబాద్‌లోనే దిగుతానమ్మా" అంటుంది. వచ్చి నాలుగు రోజులుండి వెళ్తుంది. ఆ మూడు వందల కిలోమీటర్ల చుట్టే నాకు లాభం.

ఫోన్ విషయంలో మాత్రం మా ఊరిని ఎవరూ దాటిపోలేరు. డిసెంబరులో మాకు మధ్యాహ్నం పన్నెండున్నర అయితే లండన్‌లో ఉదయం ఏడు, సిడ్నీలో సాయంత్రం ఆరు. జూన్‌లో అదే సమయానికి అక్కడ ఎనిమిది, ఇక్కడ అయిదు. ముగ్గురం మెలకువగా, తీరికగా దొరికేది ఆ ఒక్క గంటే. ఆదివారం ఆ గంటకి అమ్మాయి కాఫీ కప్పుతో వస్తుంది, అబ్బాయి పిల్లలకు స్నానం చేయించి వస్తాడు. నేను పప్పు పోపు పెడుతూ ఫోన్‌ని డబ్బాలకి ఆనించి పెడతాను. పోపు చిటపటలు విని ఇద్దరూ ఒకేసారి అడుగుతారు, "ఇవాళ ఏం పప్పమ్మా?" అని.